తల ఆగడానికి కాస్త చోటు

రెండేళ్లకోసారి మాఘమాసంలో సమ్మక్క సారలమ్మలు గద్దెలకు చేరే నాలుగు రోజులూ దారులన్నీ మేడారం వైపే సాగుతాయి. 2024లో ఆ జాతర ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు. వరంగల్ నుంచి దాదాపు నూరు కిలోమీటర్ల దారి. ములుగు, గోవిందరావుపేట దాటాక పస్రా నుంచి నార్లాపూర్ మీదుగానో, తాడ్వాయి మీదుగానో అడవిలోకి మళ్లాలి. బస్సులు, ట్రాక్టర్లు, కార్ల మధ్య సందు చూసుకుంటూ వేలాది బైకులు ఆ దారిన వెళ్తాయి. ముందు మగమనిషి, వెనక భార్య, ఇద్దరి మధ్య పిల్లవాడు, ట్యాంకు మీద అమ్మవారికి మొక్కిన ‘బంగారం’, అంటే బెల్లం మూట. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఆ మూట జారకుండా తాడు వేసి రెండుసార్లు లాగి చూస్తారు. తల మీది హెల్మెట్‌ను కూడా అలా లాగి చూసేవాళ్లు తక్కువ. చాలామంది దాన్ని చలానా తప్పించుకునే వస్తువుగానే కొంటారు కాబట్టి నెత్తిన ఏదో ఒకటి ఉంటే చాలనుకుంటారు. హెల్మెట్ తలకు చేసే మేలు ఒక్కటే. దెబ్బ తగిలిన క్షణంలో తల ఆగడానికి కాస్త చోటు ఇస్తుంది. ఈ సంగతి అర్థమైతే ఏ హెల్మెట్ కొనాలో, ఎందుకు కొనాలో దానంతటదే తేలుతుంది.

బండి మీద కూర్చున్న మనిషి తల నేల నుంచి సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. బండి నిలిచి ఉన్నా సరే, అక్కడి నుంచి పడిన తల నేలను తాకేసరికి దాని వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. ఆ వేగమంతా ఎంత దూరంలో సున్నా అయిందన్న దాని మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది. లెక్క సులువు. పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగిస్తే, తల మీద పడే తాకిడి గురుత్వాకర్షణకు సుమారు ఎన్ని రెట్లో వస్తుంది. ఉత్తతల తారురోడ్డుకు కొట్టుకుంటే చర్మం, ఎముక కలిసి లొంగేది కొద్ది మిల్లీమీటర్లే. అది 5 మిల్లీమీటర్లు అనుకుంటే, 1500ను 5తో భాగిస్తే 300 రెట్లు. అదే తలకూ రోడ్డుకూ మధ్య 25 మిల్లీమీటర్లు నలిగే పొర ఉంటే 60 రెట్లే. అదే తల, అదే రోడ్డు, అదే ఎత్తు. రెండు సెంటీమీటర్ల తేడా దెబ్బను అయిదో వంతుకు తగ్గించింది. పుర్రె లోపల మెదడు ద్రవంలో తేలుతూ ఉంటుంది. పుర్రె ఒక్కసారిగా ఆగిపోతే మెదడు ఆగదు, వెళ్లి గోడకు కొట్టుకుంటుంది, రక్తనాళాలు తెగుతాయి. పైకి గాయం కనిపించని మనిషి కొన్ని గంటల తర్వాత స్పృహ కోల్పోవడం ఇలాంటి లోపలి రక్తస్రావం వల్లే.

ఆ చోటు ఇచ్చేది పైకి మెరిసే డొప్ప కాదు, దాని కిందున్న నురుగు పొర. కొత్త టీవీ పెట్టెలో వచ్చే థర్మాకోల్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. గుంత పడుతుంది, వేలు తీసినా ఆ గుంత పొంగదు. హెల్మెట్ లోపల ఉండేదీ అదే పదార్థం, కాకపోతే మరింత దట్టంగా అచ్చుపోసినది. అందులోని గాలి గదులు ఒక్కొక్కటిగా నలిగి పగులుతూ దెబ్బలోని శక్తిని తినేస్తాయి. స్పాంజి అయితే నలిగి మళ్లీ పొంగుతుంది, తీసుకున్న శక్తిలో చాలా భాగం తిరిగి తలకే ఇస్తుంది. అందుకే మెత్తని స్పాంజి మాత్రమే అతికించిన టోపీ హెల్మెట్ నెత్తిన ఉన్నా లేనట్టే. పైడొప్ప పని వేరు. ఒక్కచోట తగిలిన దెబ్బను వెడల్పుగా పరుస్తుంది, రాయి మొన లోపలికి దిగకుండా అడ్డుపడుతుంది, రోడ్డు మీద తల జారిపోయేలా చేస్తుంది. ప్రమాదంలో హెల్మెట్ పగిలితే “నాసిరకం, ఒక్క దెబ్బకే పోయింది” అంటుంటారు. నిజానికి లోపలి పొర నలిగిందంటే అది తన పని తాను చేసిందన్నమాట. ఒకసారి నలిగిన చోట మళ్లీ నలగడానికి ఏమీ మిగలదు. కాబట్టి గట్టిగా దెబ్బతిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా దాన్ని మార్చేయాలి.

ఇక ముఖం సంగతి. మనిషి బండి మీద నుంచి ఎక్కువగా ముందుకు పడతాడు. జర్మనీలోని హానోవర్‌లో డీట్‌మర్ ఓటె అనే పరిశోధకుడు ప్రమాదాల్లో దెబ్బతిన్న హెల్మెట్లను పరిశీలించి, ఏ భాగానికి ఎన్ని దెబ్బలు తగిలాయో గుర్తించారు. సుమారు మూడో వంతు దెబ్బలు గడ్డం, దవడ ఉండే ముందు భాగానికే తగిలాయి. సగం హెల్మెట్‌లో, ముఖం తెరిచి ఉండే హెల్మెట్‌లో ఆ భాగమే ఉండదు. గడ్డానికి తగిలిన దెబ్బ పళ్లు ఊడడంతో ఆగుతుందనుకోవడం పొరపాటు. కింది దవడ రెండు కొసలూ చెవుల ముందు పుర్రె అడుగుభాగానికి ఆనుకుని ఉంటాయి. గడ్డం మీది తాకిడి ఆ దారిలో నేరుగా కపాలం అడుగుకు చేరి అక్కడి ఎముకను చిట్లించగలదు. ఫుల్‌ఫేస్ హెల్మెట్‌లో గడ్డం ముందుండే కమ్మీ ఆ దారిని మూస్తుంది. అమెరికా రవాణా శాఖ (డాట్) ప్రమాణంలో ఈ కమ్మీకి పరీక్షే లేదు. యూరప్ ప్రమాణం మాత్రం దాన్ని సెకనుకు 5.5 మీటర్ల వేగంతో దిమ్మెకు కొట్టి చూస్తుంది. కాబట్టి ఫుల్‌ఫేస్ ఆకారం ఉంటే సరిపోదు. ఆ గడ్డం కమ్మీ లోపల కూడా నురుగు పొర ఉందో లేదో వేలు పెట్టి చూడాలి.

ఈ వాదనకు సాక్ష్యం ఈనాటిది కాదు. 1935లో మోటారుసైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఆరు రోజుల తర్వాత చనిపోయిన ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ టి.ఇ. లారెన్స్‌కు వైద్యం చేసినవారిలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నారు. ఆ మరణం తర్వాత ఆయన బైకు నడిపే సైనికుల తలగాయాలను అధ్యయనం చేసి, 1941లో హెల్మెట్ల ప్రయోజనం మీద వ్యాసం ప్రచురించారు. 2008లో వైద్య పరిశోధనలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ సమీక్ష అరవైకి పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చి తేల్చిందేమంటే, హెల్మెట్ ప్రమాదంలో మరణం ముప్పును 42 శాతం, తలగాయం ముప్పును 69 శాతం తగ్గిస్తుంది. మన దేశం లెక్క చూస్తే గుండె బరువెక్కుతుంది. కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో హెల్మెట్ లేకుండా ద్విచక్ర వాహనాల మీద చనిపోయినవారు 50,029 మంది. వాళ్లలో 14,337 మంది బండి నడిపినవారు కాదు, వెనక కూర్చున్నవారు.

“మేం మెల్లగానే పోతాం, పక్క ఊరికే కదా” అనేది అందరూ చెప్పే మొదటి మాట. తల నేలను తాకే వేగాన్ని పడిన ఎత్తే చాలావరకు నిర్ణయిస్తుందని పైన చూశాం. నిలిచిన బండి మీద నుంచి పడినా ఆ 20 కిలోమీటర్ల వేగం తప్పదు. పల్లె దారుల్లో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి చుట్టూ పేర్చిన రాళ్లు, చీకట్లో అడ్డం వచ్చే బర్రెలు వేగంగా పోయేవాడినీ మెల్లగా పోయేవాడినీ ఒకేలా పడేస్తాయి. అలాగని హెల్మెట్ ఉంది కదా అని వేగం పెంచకూడదు. యూరప్ ప్రమాణంలో చాలాకాలంగా ఉన్న పరీక్ష వేగం సెకనుకు 7.5 మీటర్లు, అంటే గంటకు 27 కిలోమీటర్లు. 60 కిలోమీటర్ల వేగంతో తల నేరుగా చెట్టుకో స్తంభానికో తగిలితే శక్తి దాదాపు అయిదు రెట్లవుతుంది. అంత శక్తిని తినే నురుగు ఏ హెల్మెట్‌లోనూ లేదు. పడే ఎత్తు మన చేతిలో ఉండదు, వేగం ఉంటుంది.

రెండో అభ్యంతరం ఉక్కపోత. ఇది ఊహ కాదు, ఎండాకాలంలో ఫుల్‌ఫేస్ హెల్మెట్ నిజంగానే వేడెక్కుతుంది. దానికి మందు గాలి రంధ్రాలున్న హెల్మెట్‌ను ఎంచుకోవడం, లోపలి గుడ్డను విప్పి ఉతుక్కోవడం, లేత రంగు కొనడం. లేత రంగుతో ఇంకో లాభం ఉంది. న్యూజిలాండ్‌లో చేసిన ఒక అధ్యయనంలో నల్ల హెల్మెట్ వాళ్లతో పోలిస్తే తెల్ల హెల్మెట్ వాళ్లకు ప్రమాద గాయాల ముప్పు 24 శాతం తక్కువగా కనిపించింది. ఎదుటివాడి కంటికి ఆనడం కూడా రక్షణే. పైగా మేడారం జాతర వచ్చేది చలి ఇంకా పూర్తిగా పోని రోజుల్లో. తెల్లవారుజామున అడవి దారిలో మంచు, పురుగులు, ముందు బండి లేపే దుమ్ము అన్నీ ముఖానికే కొడతాయి. అప్పుడు ముఖం మీది అద్దం హాయిగానే ఉంటుంది. మూడో అభ్యంతరం, హారన్ వినపడదని, పక్కలు కనపడవని. 1990లలో అమెరికాలో మెక్‌నైట్ అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు బైకు నడిపేవాళ్లను హెల్మెట్‌తోనూ హెల్మెట్ లేకుండానూ పరీక్షించారు. హారన్ వినడంలో తేడా కనిపించలేదు. వేగంగా పోయేటప్పుడు ఉత్త చెవిని గాలి హోరు ఎలాగూ మూసేస్తుంది. పక్కచూపు తగ్గినప్పుడు మనిషి తల ఇంకాస్త తిప్పి సర్దుకుంటాడు. నాలుగోది, హెల్మెట్ బరువుకు మెడ విరుగుతుందన్న భయం. 2011లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు సుమారు 40,000 మోటారుసైకిల్ ప్రమాదాల రికార్డులు పరిశీలిస్తే, హెల్మెట్ ఉన్నవాళ్లలోనే మెడ వెన్నెముక గాయాల ముప్పు 22 శాతం తక్కువగా తేలింది.

ఫుల్‌ఫేసే కొనాలని తేల్చుకున్నాక అసలు కష్టం కొలతలో ఉంది. హెల్మెట్ తలకు వదులుగా ఉంటే ఆ 25 మిల్లీమీటర్ల చోటు సరైన సమయానికి సరైన చోట ఉండదు. కనుబొమలకు వేలెడు పైన, వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా టేపు చుట్టి, సెంటీమీటర్లలో చుట్టుకొలత తీసుకుని ఆ సైజు అడగాలి. పెట్టుకున్నాక బుగ్గలు కాస్త నొక్కుకుపోవాలి. హెల్మెట్‌ను రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పితే దాంతో పాటు నుదుటి చర్మమూ కదలాలి. తల లోపల నిలిచిపోయి హెల్మెట్ ఒక్కటే తిరిగితే అది మీ సైజు కాదు. పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని ముందుకు లాగినప్పుడు ఊడి వస్తే దుకాణంలోనే వదిలేయాలి. పావుగంట అలాగే ఉంచి తీశాక నుదుటి మీద ఒక్కచోటే ఎర్రగా కందితే ఆ ఆకారం మీ తలకు నప్పదు. జాతరకు పోయేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఒత్తుగా జుట్టున్నప్పుడు కొలిచి కొన్న హెల్మెట్, మేడారంలోని జంపన్నవాగు ఒడ్డున తలనీలాలు ఇచ్చాక వదులవుతుంది. తిరుగు ప్రయాణానికి ముందు మళ్లీ పెట్టుకుని తిప్పి చూడాలి. ఆడవాళ్లు కొప్పు మీద హెల్మెట్ పెట్టుకుంటే అది పైకి లేచి నుదుటిని వదిలేస్తుంది. జుట్టును జడగా వేసి కిందికి వదిలితేనే హెల్మెట్ సరిగ్గా కూర్చుంటుంది. చెమట కోసం మందపాటి రుమాలు చుట్టుకున్నా ఇదే ఇబ్బంది. పలుచని కాటన్ గుడ్డ చాలు.

నాణ్యతకు గుర్తు ఐఎస్ఐ ముద్ర. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఆ ముద్ర లేని హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం చట్టవిరుద్ధం. ముద్ర పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ముద్రను ఎవరైనా అచ్చువేసి అంటించగలరు కాబట్టి ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడాలి, తయారీదారు పేరు కనిపిస్తుంది. వెయ్యి, పదిహేను వందల రూపాయల్లోనూ అసలైన ముద్ర ఉన్న ఫుల్‌ఫేస్ హెల్మెట్లు దొరుకుతున్నాయి. ధర పెరిగేకొద్దీ తేలికదనం, గాలి, అద్దం స్పష్టత మెరుగుపడొచ్చు. కానీ తలకు సరిపోని ఖరీదైన హెల్మెట్ కన్నా సరిగ్గా కూర్చున్న మామూలు హెల్మెటే మేలు. రాత్రి ప్రయాణం ఉన్నవాళ్లు నల్ల అద్దం కొనకూడదు. వీధిదీపాల్లేని తాడ్వాయి అడవిలో అది కళ్లకు గంతలు కట్టినట్టే.

వెనక కూర్చున్నవారి విషయంలో మనం చేసే అన్యాయం పెద్దది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది, ముందు కూర్చున్నా వెనక కూర్చున్నా. ఒక పక్కకు కూర్చున్న మనిషికి పట్టు తక్కువ, ముందు గుంత కనపడదు, బ్రేకు పడబోతోందని తెలియదు. పడితే సర్దుకునే అవకాశం లేకుండా పడేది ఆమే. పిల్లల సంగతి మరీ నాజూకు. నాన్న హెల్మెట్ పిల్లవాడి తల మీద గంపలా తిరుగుతుంది, పట్టీ గడ్డం కింద నిలవదు. వాడి తలకు వాడి సైజే కావాలి. మొక్కు తీర్చుకునేటప్పుడు మనిషిని త్రాసులో కూర్చోబెట్టి, బరువు సరిపోయేదాకా బెల్లం వేసే నేల ఇది. ఎవరి కొలత వారిదేనని మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆ పట్టింపునే తల దగ్గరా చూపాలి.

ఇంత చూసి కొన్న హెల్మెట్ కూడా పట్టీ పెట్టకపోతే మొదటి కుదుపుకే ఎగిరి రోడ్డు పక్కన పడుతుంది, తల ఒంటరిగా నేలను చేరుతుంది. మేడారం వెళ్లేవాళ్లు ములుగు దగ్గర గట్టమ్మ తల్లి గుడి ముందు బండి ఆపి, తొలి మొక్కు చెల్లించాకే ముందుకు సాగుతారు. అక్కడ హెల్మెట్ ఎలాగూ తీస్తాం. కొబ్బరికాయ కొట్టి, బెల్లం మూట తాడు మరోసారి లాగి చూశాక, మన తల మీదా, వెనక కూర్చున్న ఆమె తల మీదా, మధ్యనున్న పిల్లవాడి తల మీదా హెల్మెట్ పెట్టి, గడ్డం కింద రెండు వేళ్లకు మించి సందు లేకుండా పట్టీ బిగిద్దాం. నిమిషం పట్టే పని. దారిలో ఏదైనా జరిగితే తల ఆగడానికి కావాల్సిన చోటు అప్పుడు ఉంటుంది.