మీకు తెలుసా? ఆవగింజంత నత్తకు పేరు పెట్టడం ఎంత పెద్ద పనో!

వనపర్తి జిల్లా ఖిల్లా ఘణపూర్ అనగానే కాకతీయుల కాలం నాటి కోట, దాని దగ్గరి గణపసముద్రం చెరువు గుర్తొస్తాయి. ఇక్కడి నుంచి బంగాళాఖాతం 200 కిలోమీటర్ల పైమాటే. అయినా సముద్రం అడుగున బతికే చిట్టి నత్తలతో ఈ సీమకు సంబంధం ఉంది. ఆ సంబంధాన్ని కలిపింది కృష్ణా నది. ఆ నత్తల గురించి, వాటికి పేరు పెట్టే పని గురించి ఈ వారం కొన్ని సంగతులు.

మన చెరువు నత్తకు పేరొచ్చి 200 ఏళ్లు దాటింది

చెరువుల్లో, వరి మడుల్లో బొద్దుగా గుండ్రంగా కనిపించే నత్తగుల్లను శాస్త్రవేత్తలు పైలా గ్లోబోసా అంటారు. 1822లో విలియం స్వెయిన్సన్ అనే ఇంగ్లిష్ శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించి ఆ జాతికి పేరు పెట్టాడు. నీళ్లలో ఇది మొప్పతో ఊపిరి తీసుకుంటుంది. గాలి పీల్చుకోవడానికి ఊపిరితిత్తి లాంటి సంచీ కూడా ఉంది. చెరువు ఎండితే బురదలోకి దిగి, గట్టి మూత బిగించుకుని, వానలు పడేదాకా కదలకుండా ఉంటుంది. జువాలజీ చదివిన వారిలో చాలామంది దీన్ని కోసి చూసినవారే. ఇంత వివరంగా తెలిసిన నత్త ఇంటి పక్కనే ఉంది. కృష్ణ సముద్రంలో కలిసే చోట అడుగున ఉన్న నత్తల గురించి మాత్రం మనకు తెలిసింది బహు కొంచెం.

పాలమూరు ఒండ్రు సముద్రం అడుగున చేరింది

కృష్ణా నది పాలమూరు సీమలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలను ఒరుసుకుంటూ శ్రీశైలం వైపు సాగుతుంది. జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ ఆనకట్టలు వచ్చాక ఒండ్రు చాలావరకు వాటి వెనకే ఆగిపోతోంది. అంతకుముందు లక్షల ఏళ్లపాటు ఈ నేల మట్టి, ఆకూ అలమూ వరదలతో కొట్టుకుపోయి సముద్రంలో పడ్డాయి. గోదావరి తెచ్చిన మట్టి కూడా తోడై కృష్ణా గోదావరి బేసిన్‌లో మందపాటి పొరలుగా పేరుకుంది. ఆ పొరల్లో చిక్కిన సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు కుళ్లబెట్టినప్పుడు మీథేన్ పుట్టింది. లోతులోని చలికీ ఒత్తిడికీ ఆ వాయువు కొన్నిచోట్ల నీటితో కలిసి మంచులా గడ్డకట్టింది. దీన్ని గ్యాస్ హైడ్రేట్ అంటారు. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ అనే నౌక మీద జరిగిన జాతీయ అన్వేషణలో ఈ బేసిన్‌లో గ్యాస్ హైడ్రేట్ నిల్వలు బయటపడ్డాయి.

ఎండ పొడ లేని చోట కూడా బువ్వ దొరుకుతుంది

సముద్రగర్భం నుంచి మీథేన్ ఊరే చోటును కోల్డ్ సీప్ అంటారు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు సింధు సాధన నౌక మీద వెళ్లి, కృష్ణా గోదావరి బేసిన్‌లో వెయ్యి మీటర్లు దాటిన లోతున, ఇప్పటికీ మీథేన్ ఊరుతున్న సీప్‌ను గుర్తించారు. ఆ వివరాలను 2019లో ప్రచురించారు. భారత సముద్ర జలాల్లో అలాంటి చోటు నమోదు కావడం అదే మొదలు.

వెయ్యి మీటర్ల లోతున మొక్కలు బతకడానికి చాలినంత వెలుతురు ఉండదు. నీటి ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి వంద రెట్లు. అక్కడి సూక్ష్మజీవులు మీథేన్ నుంచీ, దాని వల్ల పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచీ శక్తి తీసుకుంటాయి. ఆ బాక్టీరియాను ఒంట్లోనే పెట్టుకుని పోషించుకునే ఆల్చిప్పలు, గొట్టపు పురుగులు సీప్‌ల చుట్టూ గుంపు కడతాయి. నత్తలకూ ఇది మంచి తావే. ప్రపంచంలో చాలా సీప్‌ల దగ్గర ప్రొవానా అనే ప్రజాతి నత్తలు దొరికాయి. అవి బాగా ఎదిగినా పెద్దగా సెంటీమీటరుకు అటూ ఇటూ ఉంటాయి. రాళ్ల మీద, గుల్లల మీద పట్టిన బాక్టీరియా పొరను గీరుకుని తింటాయి.

నత్తను వెతకాలంటే బురద కడగాలి

లోతు సముద్రంలో చిట్టి నత్తను చూసి పట్టుకోవడం అరుదు. బురదను ఓడ పైకి తెచ్చి, చల్లటి సముద్రపు నీటితో సన్నని జల్లెళ్ల మీద మెల్లగా కడుగుతారు. జల్లెడ కన్ను అర మిల్లీమీటరు, ఒక్కోసారి అంతకన్నా చిన్నది. మిగిలిన గసిని ఆల్కహాలులో వేసి సీసాల్లో దాస్తారు. ఒడ్డుకు చేరాక అసలు పని మొదలవుతుంది. గసిని చెంచాడు చొప్పున గాజు గిన్నెలో పోసి, మైక్రోస్కోపు కింద పెట్టి, సన్నని కుంచె కొసతో ఇసుక రేణువును పక్కకు, నత్తగుల్లను మరో పక్కకు జరుపుతారు. నీళ్లు జోరుగా పోసినా, చిమటా కాస్త గట్టిగా నొక్కినా ఆవగింజంత గుల్ల పెంకు పగిలిపోతుంది. అలాంటిది మరొకటి దొరుకుతుందన్న హామీ లేదు.

పుట్టుక కథ గుల్ల కొసలోనే ఉంటుంది

నత్తగుల్ల కొస నుంచి మొదలై చుట్లు చుట్టుకుంటూ పెరుగుతుంది. అందుకే పిల్లగా ఉన్నప్పటి గుల్ల, అరిగిపోకుంటే, పెద్దయ్యాక కూడా కొసన అలాగే నిలిచి ఉంటుంది. దాన్ని ప్రోటోకాంక్ అంటారు. కొత్త జాతిని వర్ణించేవారు ముందుగా దీన్ని చూస్తారు. అక్కడ సన్నని చుట్లు ఎక్కువగా ఉంటే ఆ పిల్ల చాలాకాలం నీళ్లలో ఈదుతూ తిరిగిందని అర్థం. చుట్టు ఒకటే, అదీ ఉబ్బుగా ఉంటే గుడ్డులోని పచ్చసొనతోనే ఎదిగిందని తెలుస్తుంది. దీన్నిబట్టి ఆ జాతి ఎంత దూరం వ్యాపించగలదో అంచనా వేస్తారు.

ఇంత చిన్న చుట్ల మీది గీతలు మామూలు మైక్రోస్కోపుకు చిక్కవు. గుల్లకు అతి పలుచటి బంగారు పూత వేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టి ఫొటో తీస్తారు.

పళ్లు చూసి కులగోత్రాలు చెబుతారు

నత్త నోట్లో రాడ్యులా అనే పట్టీ ఉంటుంది. దాని మీద వరసలు వరసలుగా పళ్లు. ముందు వరస అరిగిపోతుంటే వెనక నుంచి కొత్త వరస వస్తూనే ఉంటుంది. రాళ్లకు అంటుకుని బతికే లింపెట్ అనే నత్త పళ్లలో గోథైట్ అనే ఇనుప ఖనిజం ఉంది. జీవులు తయారుచేసే పదార్థాల్లో అప్పటిదాకా పరీక్షించిన వాటన్నిటికన్నా అదే గట్టిదని 2015లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చెప్పారు.

గుల్లలు ఒకేలా ఉన్న రెండు జాతుల పళ్లు వేరుగా ఉండవచ్చు. అందుకే మాంసాన్ని రసాయనంలో కరిగించి రాడ్యులాను బయటికి తీస్తారు. డీఎన్ఏ పరీక్షకూ కొంత మాంసం కావాలి. చిట్టి నత్తలో ఉన్నదే అంత. ఒక్కోసారి నత్త మొత్తం పరీక్షకే అయిపోతుంది. కాబట్టి అన్ని కోణాల్లో ఫొటోలు, కొలతలు తీసుకున్నాకే కత్తి పడుతుంది.

ఒక్క గుల్ల జాతి మొత్తానికి సాక్షి

కార్ల్ లిన్నేయస్ పుస్తకం 'సిస్టమా నేచురే' పదో కూర్పు 1758లో వచ్చింది. జంతువుల శాస్త్రీయ నామాలకు లెక్క అక్కడి నుంచే మొదలు. రెండు మాటల పేరు, ఇతర జాతుల నుంచి ఆ జాతిని వేరుచేసే లక్షణాలు రాసి ప్రచురిస్తేనే పేరు నిలబడుతుంది. బొమ్మలు, దొరికిన చోటు, లోతు కూడా ఇస్తారు. ఇంటర్నెట్‌లో మాత్రమే వచ్చే పత్రికలైతే జూబ్యాంక్ అనే అంతర్జాతీయ పట్టికలో కూడా నమోదు చేయాలి. ఈ నిబంధన 2012లో వచ్చింది.

వర్ణించిన నమూనాల్లోంచి ఒకదాన్ని హోలోటైపుగా ఎంచుతారు. వందేళ్ల తర్వాత ఎవరికైనా అనుమానం వస్తే ఆ ఒక్క గుల్లనే తీసి పోల్చుకోవాలి. అందుకే దాన్ని నలుగురికీ అందుబాటులో ఉండే సంస్థలో భద్రపరుస్తారు. మన దేశంలో ఈ పనికి పెద్ద దిక్కు 1916లో కలకత్తాలో మొదలైన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. హైదరాబాద్‌లో దాని మంచినీటి జీవుల కేంద్రం ఉంది.

దొరకడం ఒకనాడు, పేరు రావడం ఇంకొకనాడు

కొత్త జాతి నమూనా చేతికందిన నాటి నుంచి దానికి పేరు వచ్చేదాకా సగటున 21 ఏళ్లు పడుతోందని 2012లో ఒక అధ్యయనం తేల్చింది. అన్నేళ్లూ అది మ్యూజియం అలమరలో చీటీ కట్టిన సీసాలో ఉంటుంది. చూసి చెప్పగలిగే నిపుణులు తక్కువ, సీసాలు ఎక్కువ. వాటిలో చిన్న ప్రాణుల వంతు మరీ పెద్దది. న్యూ కలెడోనియాలో 295 చదరపు కిలోమీటర్ల తీరంలో వెతికితే 2,738 జాతుల నత్తలు, ఆల్చిప్పల వంటివి దొరికాయి. వాటిలో దాదాపు మూడో వంతు పెద్దయ్యాక కూడా 4.1 మిల్లీమీటర్ల కన్నా చిన్నవే. ఐదో వంతు జాతులకు ఒక్కొక్క నమూనా మాత్రమే దొరికింది. ఇక లోతు సముద్రం సంగతి. పసిఫిక్‌లో గనుల తవ్వకానికి కన్నేసిన క్లారియన్ క్లిప్పర్టన్ ప్రాంతంలో 5,578 జాతులు నమోదయ్యాయనీ, అందులో దాదాపు పదింట తొమ్మిది వంతులకు పేరే లేదనీ 2023లో లెక్కగట్టారు.

తెలుగు నేలలో నత్తల శాస్త్రం పాతదే

హైదరాబాద్ నుంచి నాగపూర్ దారిలో నిర్మల్ దాటాక వచ్చే కొండల్లో మాల్కమ్‌సన్ అనే వైద్యుడు రాతిగా మారిన నత్తగుల్లలు ఏరాడు. 1840లో సోవర్బీ అనే శాస్త్రజ్ఞుడు వాటిని వర్ణించి ఒకదానికి ఫైసా ప్రిన్సెపి అని పేరు పెట్టాడు. నాగపూర్‌లో పనిచేసిన మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ 1860లో రాజమండ్రి పక్కన కాతేరులో దొరికిన శిలాజ నత్తలను వర్ణించాడు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాడు దక్కను లావా ప్రవాహాల నడుమ చిక్కుకున్న పొరలవి. తర్వాత వికారాబాద్ దగ్గరి నస్కల్‌లో దొరికిన చిన్న క్షీరదానికి 1988లో జీవీఆర్ ప్రసాద్, అశోక్ సాహ్ని దక్కనోలెస్టిస్ హిస్లోపి అని హిస్లాప్ పేరే పెట్టారు.

1960లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖరరావు వాల్తేరు ఒడ్డున ఇసుక రేణువుల సందుల్లో బతికే కంటికి ఆనని ప్రాణులను వెలికితీశారు. జువలాజికల్ సర్వేలో ఎన్.వి. సుబ్బారావు 1989లో భారతదేశపు మంచినీటి నత్తలు, ఆల్చిప్పల మీద, 2003లో సముద్రపు గుల్లల మీద రాసిన పుస్తకాలను నేటికీ నత్తలను గుర్తుపట్టడానికి తిరగేస్తారు.

పేరు లేని ప్రాణి ముప్పు లెక్కకు రావడం కష్టం

హిందూ మహాసముద్రంలో రెండున్నర కిలోమీటర్ల లోతున, కైరెయి అనే వేడి ఊటల దగ్గర 2001లో ఒక వింత నత్త కనిపించింది. దాని పాదం నిండా ఇనుప సల్ఫైడ్ పూత పట్టిన పొలుసులు. అదే ఊటల నుంచి తెచ్చిన మరో చిన్న నత్తకు జపాన్ శాస్త్రవేత్తలు 2004లోనే డెబ్రుయెరేసియా మారిసిండికా అని పేరు పెట్టారు. పొలుసుల నత్తకు మాత్రం క్రైసోమాలన్ స్క్వామిఫెరమ్ అన్న పేరు 2015లో ఖాయమైంది. పేరు వచ్చిన నాలుగేళ్లకే, 2019లో, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని అంతరించే ప్రమాదం ఉన్న జాతుల ఎర్ర జాబితాలో చేర్చింది. సముద్రగర్భ గనుల ముప్పు కారణంగా ఆ జాబితాకు ఎక్కిన మొదటి జాతి ఇదే. ఆ సంఘం సాధారణంగా పేరు పెట్టి వర్ణించిన జాతులనే లెక్కలోకి తీసుకుంటుంది. వర్ణన రాకపోయి ఉంటే పొలుసుల నత్త గోడు వినేవారే ఉండేవారు కాదు.

కృష్ణా గోదావరి బేసిన్‌కూ ఇదే వర్తిస్తుంది. గ్యాస్ హైడ్రేట్ నుంచి ఇంధనం తీయాలని మన దేశం ఏళ్ల తరబడి పరిశోధిస్తోంది. 2021లో 4,077 కోట్ల రూపాయలతో డీప్ ఓషన్ మిషన్‌కు కేంద్రం ఆమోదం తెలిపింది. ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్లగల మత్స్య 6000 వాహనాన్ని చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారుచేస్తోంది. ఇంధనం కావాల్సిందే, వాహనమూ కావాల్సిందే. వాటితోపాటు బురద కడిగేవారు, కుంచె పట్టేవారు, పళ్ల వరసలు లెక్కపెట్టేవారు కూడా కావాలి. యంత్రం దిగకముందే అక్కడ ఎవరెవరు కాపురం ఉంటున్నారో రాసిపెడితేనే, తర్వాత జరిగిన నష్టాన్ని ఎవరైనా లెక్క తేల్చగలిగేది.

వనపర్తిలోనో, గద్వాలలోనో, అచ్చంపేటలోనో జువాలజీ చదివే పిల్లలకు ఈ విద్య అందనిదేమీ కాదు. చెరువు గట్టున దొరికిన ఖాళీ గుల్లను కొలిచి, బొమ్మ గీసి, దొరికిన చోటు, తేదీ చీటీ మీద రాసిపెట్టడంతోనే ఇది మొదలవుతుంది. లోతు సముద్రపు నత్తను వర్ణించే శాస్త్రవేత్త చేసేదీ అదే పని, కాకపోతే మరింత నిశితంగా. మన నది సముద్రం అడుగున పేర్చిన మట్టిలో బతుకుతున్న ప్రాణులకు పేర్లు పెట్టే పనిలో పాలమూరు బిడ్డలకూ వాటా ఉండాలి.