గొంతు అరువు తెచ్చుకున్న యంత్రం

పాతికేళ్ళ కిందట ఇంటర్నెట్ అంటే ముందుగా వినిపించేది ఒక చప్పుడు. డయల్ టోన్, నంబరు తిరిగిన మోత, అవతల ఎత్తినట్టు ఒక టక్కు, వెంటనే కీచుమని కూతలు, చివరికి బుసకొట్టినట్టు రొద. ఆ అరనిమిషంలో రెండు యంత్రాలు ఒకదాన్నొకటి పలకరించుకుని, మధ్యనున్న తీగ ఎంత బాగుందో కొలుచుకుని, ఎంత వేగంగా మాట్లాడుకోవాలో ఒప్పందానికి వచ్చేవి. ఆ యంత్రం పేరు మోడెమ్.

కంప్యూటరుకు తెలిసినవి 0, 1 మాత్రమే. తీగలో అవి రెండు వోల్టేజీలు. టెలిఫోన్ లైనును మాత్రం మనిషి మాట కోసం కట్టారు. 300 నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉన్న ధ్వనులనే అది మోస్తుంది. కంప్యూటరు వోల్టేజీలను ఉన్నవి ఉన్నట్టు అందులోకి వదిలితే అంచులు అరిగిపోయి, ఒకటి ఇంకొకదానిలోకి కరిగిపోయి, అవతలికి ముద్దగా చేరతాయి. కంప్యూటర్ల కోసం ఊరూరా కొత్త తీగలు లాగడం అయ్యే పని కాదు. అందుకని యంత్రమే మనిషిలా గొంతెత్తడం నేర్చుకుంది. పంపేచోట బిట్లను స్వరాలుగా మార్చడం మాడ్యులేషన్, అందుకున్నచోట స్వరాల నుంచి బిట్లను తిరిగి తీయడం డీమాడ్యులేషన్. ఆ రెండు పనులు చేసే పరికరాల పేర్లలోని తొలి ముక్కలు కలిసి మోడెమ్ అయింది.

1950ల చివర అమెరికా వాయురక్షణ వ్యవస్థ సేజ్ కోసం వీటిని పెద్దయెత్తున తయారుచేశారు. రాడార్లు చూసినదాన్ని టెలిఫోన్ లైన్ల మీదుగా కంప్యూటర్లకు చేర్చడం వాటి పని. 1962లో వచ్చిన బెల్ 103 ఆ విద్యను మామూలు టెలిఫోన్ లైను మీద నడిపింది. పిలిచిన యంత్రం 1 అనడానికి 1,270 హెర్ట్జ్, 0 అనడానికి 1,070 హెర్ట్జ్ స్వరం పలికేది. ఎత్తిన యంత్రానికి 2,225, 2,025 కేటాయించారు. ఒకరిది మంద్రం, ఇంకొకరిది తారం కావడంతో ఇద్దరూ ఏకకాలంలో మాట్లాడినా కలగాపులగం అయ్యేది కాదు. వేగం సెకనుకు 300 బిట్లు. ఒక్కో అక్షరానికి ముందువెనకల గుర్తులతో కలిపి 10 బిట్లు పట్టేవి కాబట్టి సెకనుకు 30 అక్షరాలు. ‘తెలుగు’ అన్న మాట నేటి యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. బెల్ 103 మీద ఆ ఒక్క మాట దాటడానికి అర సెకనుకు పైనే పట్టేది.

అప్పట్లో అమెరికాలో బయటివాళ్ళు తయారుచేసిన పరికరాన్ని టెలిఫోన్ లైనుకు తగిలించనిచ్చేవారు కాదు. ఆ అడ్డంకిని దాటిన వాళ్ళలో రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ ఒకరు. ఆయన వినికిడి లేని భౌతిక శాస్త్రవేత్త. 1964లో, లైనుకు తీగ తగిలించకుండానే, టెలిఫోన్ రిసీవరును తన మీద పడుకోబెడితే చాలు, టెలిటైపు యంత్రం అక్షరాలను స్వరాలుగా పలికి, వచ్చిన స్వరాలను కాగితం మీద అచ్చువేసే సాధనం చేశారు. బధిరులు అంతదాకా ఎవరికైనా ఫోన్ చేయాలంటే వినగలిగిన మరొకరి సాయం కావాల్సి వచ్చేది. ఇక సొంతంగా ముచ్చటించుకోగలిగారు. 1968లో కార్టర్‌ఫోన్ తీర్పు బయటి పరికరాలకు దారి తెరిచింది. 1981లో హేస్ స్మార్ట్‌మోడెమ్ వచ్చాక కంప్యూటరే నంబరు తిప్పడం మామూలైంది.

ఇక వేగం పెంచాలి. లైను ఇరుకు కాబట్టి స్వరాన్ని ఎంత త్వరగా మారిస్తే అంత మంచిదనడానికి వీల్లేదు. అందుకని ఒక్కో మార్పులోనే ఎక్కువ అర్థం ఇమడ్చాలి. మన గుణింతం సరిగ్గా ఇదే చేస్తుంది. ‘కి’ అనగానే హల్లేదో అచ్చేదో రెండూ ఒకే ఊపిరిలో తెలిసిపోతాయి. ఇంజనీర్లు తరంగం ఎత్తును, దశను జతచేసి 16 రూపాలు తయారుచేశారు. ఒక్కో రూపం 4 బిట్లు మోస్తుంది. 1984 నాటి వి.22బిస్ ప్రమాణంలో సెకనుకు 600 మార్పులే, వేగం మాత్రం 2,400 బిట్లు.

రూపాలు పెరిగేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతాయి. సంతగోలలో ‘శ’, ‘ష’ తేడా తెలియనట్టు లైనులోని రొదలో అవి కలిసిపోతాయి. ఐబీఎం జూరిచ్ పరిశోధనశాలలో గాట్‌ఫ్రీడ్ ఉంగర్‌బోక్ దీనికి ఉపాయం కనిపెట్టి 1982లో ప్రచురించారు. ఏ రూపం తరవాత ఏ రూపం రావచ్చో ముందే నియమం పెట్టారు. పద్యంలో ఒక అక్షరం తప్పు వినబడితే గణం చెడుతుంది. ఛందస్సు తెలిసినవాడు పాదమంతా చూసి అసలు అక్షరాన్ని పట్టుకుంటాడు. మోడెమ్ కూడా ఒక్కో రూపాన్ని విడిగా కాక వరుసనంతా చూసి తీర్పు చెప్పడం నేర్చుకుంది.

దీనికీ హద్దుంది. లైను వెడల్పు, రొదతో పోలిస్తే సంకేతానికున్న బలం, ఈ రెండే ఆ హద్దును నిర్ణయిస్తాయని 1948లో క్లాడ్ షానన్ నిరూపించారు. మంచి టెలిఫోన్ లైనుకు అది సెకనుకు 35 వేల బిట్ల దరిదాపుల్లో తేలింది. 1990ల మధ్యకు మోడెమ్ 33,600కు చేరి గోడను తాకింది.

అప్పుడు ఇంజనీర్లు ఆ రొద ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికారు. అప్పటికి ఎక్స్ఛేంజీలు డిజిటల్ అయ్యాయి. గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 256 మెట్లలో దగ్గరిదానికి సర్దేవి. పైసలు వదిలి రూపాయలకు సర్దినట్టు ప్రతిసారీ కొంత పోయేది. రొదలో పెద్ద పాలు ఆ సర్దుబాటుదే. ఇంటర్నెట్ సంస్థ నేరుగా డిజిటల్ లైనుతో ఎక్స్ఛేంజీకి కలిస్తే, ఇంటర్నెట్ నుంచి ఇంటికి వచ్చే దిగుమతి దారిలో సర్దుబాటే ఉండదు. 1998లో వి.90 ప్రమాణం 56,000 బిట్ల దాకా వెళ్ళింది, ఒక్క దిగుమతిలోనే. షానన్ లెక్క చెక్కుచెదరలేదు. రొద తగ్గింది కాబట్టి హద్దు జరిగింది.

మన దేశంలో ప్రభుత్వ టెలికం సంస్థ వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ తలుపు తీసినప్పుడు ఆ తలుపు మోడెమే. అమెరికాలో ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ తన డయల్-అప్ సేవను 2025 సెప్టెంబరు 30న ఆపేసింది. ఆ కూత దాదాపు ఆగిందిగానీ పని ఆగలేదు. మీ జేబులోని 5జీ ఫోన్లో ఒక మోడెమ్ ఉంది. సంకేతం బాగున్నచోట అది 256 రూపాల గుణింతం చదువుతుంది, ఒక్కోదానిలో 8 బిట్లు. సంకేతం బలహీనపడితే 16కో 4కో దిగి, నెమ్మదిగా, తప్పు లేకుండా మాట్లాడుతుంది. దారి ఎంత మోయగలదో ముందు అడిగి, అంతే మోయించడం దాని పాత అలవాటు. ఆనాటి అరనిమిషం కూతల్లో మనం విన్నది ఆ ప్రశ్ననే.