అరచేతి తెరకు ఒదగని వెబ్‌సైట్లు
చిన్న మార్పులతోనే పెద్ద మేలు.. తెలుగు లిపికి ప్రత్యేక శ్రద్ధ అవసరం

తెనాలి, బాపట్ల, రేపల్లె: ధాన్యం అమ్మకానికి సమయం నిర్ణయించుకోవాలన్నా, పరీక్షా ఫలితం చూసుకోవాలన్నా, ఆస్తిపన్ను చెల్లించాలన్నా, కృష్ణకు వరద ఎంత వస్తున్నదో తెలుసుకోవాలన్నా డెల్టా ప్రజలు నేడు ముందుగా చూసేది చేతిలోని ఫోనునే. ఇంట కంప్యూటరు లేని కుటుంబాలకు ఫోనే కంప్యూటరు. అయితే వారు తెరిచే వెబ్‌సైట్లలో అనేకం నేటికీ బల్లమీది కంప్యూటరును దృష్టిలో పెట్టుకొని తయారైనవే. అక్షరాలు చీమల బారుల్లా కనిపించడం, పట్టికలో సగం తెర బయటికి పోవడం, ఒక మీట నొక్కితే పక్కది తెరుచుకోవడం వినియోగదారులకు నిత్యానుభవం. చివరకు నెట్ సెంటరుకు వెళ్ళి రుసుము చెల్లించి పని చేయించుకోక తప్పడం లేదు. ఈ చిక్కుకు కారణాలేమిటి, నివారణ ఏమిటన్నది అటు వెబ్‌సైటు నడిపేవారూ ఇటు వాడేవారూ తెలుసుకోవలసి ఉంది.

నాటి కొలత నేడు చెల్లదు

2000 దశకంలో వెబ్‌సైటును ఎక్కువగా ఇంటర్నెట్ సెంటర్లలోని కంప్యూటర్లపైనే చూసేవారు. 800 లేదా 1024 పిక్సెళ్ళ వెడల్పు గల తెరను కొలతగా తీసుకొని పేజీలను పేర్చేవారు. 2007లో ఐఫోన్ వచ్చింది. అప్పటికి ఉన్న పేజీలు చిన్న తెరపై విరిగిపోకుండా చూపేందుకు దాని బ్రౌజరు ఒక ఉపాయం పన్నింది. తెర వెడల్పు 980 పిక్సెళ్ళని ఊహించుకొని పేజీని సిద్ధం చేసి, తర్వాత మొత్తాన్ని కుదించి చూపింది. ఇతర ఫోన్ల బ్రౌజర్లూ ఇదే బాట పట్టాయి.

నేటి ఆండ్రాయిడ్ ఫోన్లలో పేజీకి లభించే వెడల్పు సాధారణంగా 360 నుంచి 412 పిక్సెళ్ళ వరకు ఉంటుంది. ఇవి పేజీ అమరికకు వాడే కొలతలు. ఫోను పెట్టెపై ముద్రించే తెర చుక్కల సంఖ్య వేరు. 980ని 360కి కుదిస్తే ప్రతి అక్షరమూ మూడో వంతుకు కాస్త పైబడిన పరిమాణానికి చేరుతుంది. చీమల బారుల అసలు రహస్యమిదే. పేజీ ఆరంభంలో ‘ఫోను అసలు వెడల్పునే కొలతగా తీసుకో’ అని బ్రౌజరుకు చెప్పే ఒక్క వాక్యం చేర్చితే ఈ కుదింపు ఆగుతుంది. దీన్ని వ్యూపోర్ట్ ట్యాగ్ అంటారు. వెబ్‌సైటు ఫోనుకు అనువుగా ఉండాలంటే తొలి మెట్టు ఇదే.

పాత్రను బట్టి నీరు

ఆ ఒక్క వాక్యంతోనే పని ముగియదు. పేజీలోని వరుసలు కూడా తెరను బట్టి సర్దుకోవాలి. అమెరికాకు చెందిన డిజైనరు ఈథన్ మార్కాట్ 2010 మే నెలలో ఒక వ్యాసంలో ఈ పద్ధతికి ‘రెస్పాన్సివ్ వెబ్ డిజైన్’ అని పేరు పెట్టారు. ఆయన చెప్పిన సూత్రాలు మూడు. మొదటిది, వెడల్పులను స్థిరమైన పిక్సెళ్ళలో గాక శాతాల్లో నిర్ణయించడం. రెండోది, చిత్రాలు తాము ఉన్న గడిని దాటి పోకుండా కట్టడి చేయడం. మూడోది, తెర ఇంత వెడల్పు దాటితే రెండు వరుసలు, దాటకుంటే ఒకే వరుస అని షరతులు రాయడం. ఈ షరతులనే మీడియా క్వెరీలంటారు. నీరు బిందెలో బిందె ఆకారం, చెంబులో చెంబు ఆకారం పొందినట్లు ఒకే పేజీ ఏ తెరలోనైనా ఒదిగిపోతుంది. ఫోనుకొకటి, కంప్యూటరుకొకటి చొప్పున రెండు సైట్లు నడిపే భారం తప్పుతుంది.

ముందుగా చిన్న తెరకు రూపకల్పన చేసి, తర్వాత పెద్ద తెరకు విస్తరించడం మేలైన పద్ధతి. చిన్న తెరలో చోటు తక్కువ గనుక ఏది ముఖ్యం, ఏది కాదన్నది ముందే తేల్చుకోవలసి వస్తుంది. మార్కెట్ ధరల పేజీలో రైతుకు కావలసింది నాటి ధర. అధికారుల ఛాయాచిత్రాలు, పరుగెత్తే ప్రకటనలు తొలి తెరను ఆక్రమిస్తే ధర అట్టడుగుకు చేరుతుంది.

గూగుల్ సైతం 2015 ఏప్రిల్ 21 నుంచి ఫోన్లలో జరిపే శోధనలలో ఫోనుకు అనువైన పేజీలకు ప్రాధాన్యం ఇస్తూ వచ్చింది. తదనంతరం పేజీ మొబైల్ రూపాన్నే ప్రామాణికంగా తీసుకొని సూచిక తయారుచేయడం మొదలుపెట్టింది. కనుక తెనాలిలో దుకాణం నడిపే వ్యాపారి సైటు ఫోనులో సరిగా లేకపోతే, శోధన ఫలితాలలోనూ వెనుకబడే అవకాశముంది.

తెలుగుకు ప్రత్యేక శ్రద్ధ

ఆంగ్ల పేజీకి సరిపోయిన అమరిక తెలుగుకు సరిపోదు. తెలుగు అక్షరానికి పైన గుడి, ఏత్వం. కింద వత్తులు వస్తాయి. పంక్తుల నడుమ ఆంగ్లానికి ఇచ్చినంత ఎడమే ఇస్తే పై పంక్తి వత్తు కింది పంక్తి గుడికి తగులుతుంది. అక్షర పరిమాణానికి సుమారు ఒకటిన్నర రెట్లకు తగ్గకుండా పంక్తి ఎత్తు ఉంచడం మంచిది. తెలుగు పదాలు సమాసాలతో, విభక్తులతో పొడవుగా ఉంటాయి. ఇరుకు వరుసలో రెండు అంచులూ సమం చేయబోతే పదాల మధ్య పెద్ద ఖాళీలు ఏర్పడతాయి. ఫోనులో ఎడమ అంచును మాత్రమే సమం చేయడం ఉత్తమం.

ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటి తమ సొంత ఖతిని వాడేవి. ఆ ఖతి అందని యంత్రంలో అర్థంలేని గుర్తులే కనిపించేవి. యూనికోడ్ వాడకం పెరిగాక ఆ బాధ తగ్గింది. తొలినాటి ఆండ్రాయిడ్ ఫోన్లలో యూనికోడ్ తెలుగు సైతం ఖాళీ గళ్ళుగా కనిపించేది. నేటి ఫోన్లలో తెలుగు ఖతి ముందే ఉంటుంది. ప్రత్యేక ఖతులు కావాలనుకునేవారికి సిలికానాంధ్ర ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన యూనికోడ్ ఖతులున్నాయి. వాటిలో ఒకదాని పేరు ‘తెనాలి రామకృష్ణ’ కావడం ఈ ప్రాంతానికి ముచ్చటైన విషయం. అయితే అది శీర్షికలకు తగిన అలంకార ఖతి. చదివే పాఠానికి సాదా ఖతియే శ్రేయస్కరం. పైగా సంయుక్తాక్షరాల కారణంగా తెలుగు ఖతి ఫైలు ఆంగ్ల ఖతి కంటే బరువైనది. మూడు నాలుగు ఖతులు చేర్చితే పేజీ నెమ్మదిస్తుంది.

దరఖాస్తు ఫారాలలో మరొక చిక్కు దాగి ఉంది. ‘స్త్రీ’ అన్నది కంటికి ఒక్క అక్షరం. యంత్రానికి మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు సంకేతాలు. ‘పేరు 20 అక్షరాలు మించరాదు’ అని ఆంగ్లాన్ని బట్టి పరిమితి పెడితే తెలుగు పేరు సగంలోనే తెగిపోతుంది. సంక్షిప్త సందేశాలకూ ఇదే వర్తిస్తుంది. ఆంగ్లంలో ఒక్కో సందేశానికి 160 అక్షరాలకు చోటుండగా, తెలుగులో 70 సంకేతాలకే పరిమితం.

తెలుగును పరీక్షించకపోతే ఎంత అనర్థమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ అక్షరానికి చెందిన ఒక సంకేతాల వరుస కనిపించినంతనే ఐఫోన్లలోని సందేశాల యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ సంస్థ అదే నెల 19న సవరణ విడుదల చేయవలసి వచ్చింది.

బరువు తగ్గితేనే వేగం

2024 సెప్టెంబరు ఆరంభంలో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు వెళ్ళింది. కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల లంక, తీర గ్రామాలు ముంపునకు గురయ్యాయి. అంతకు ముందు 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. అటువంటి వేళల్లో కరెంటు ఉండదు, సిగ్నల్ బలహీనపడుతుంది, ఫోనులో చార్జింగ్ తరుగుతుంది. వరద మట్టం, సహాయ కేంద్రాల చిరునామా ఉన్న పేజీ తేలికగా ఉంటేనే ఆ క్షణాన అక్కరకు వస్తుంది.

లెక్క సులభమే. 3 మెగాబైట్ల పేజీ సెకనుకు ఒక మెగాబిట్ వేగంతో రావడానికి 24 సెకన్లు పడుతుంది. అదే సమాచారం 100 కిలోబైట్లలో ఇమిడితే ఒక సెకను చాలు. బరువులో అధిక భాగం చిత్రాలదే. ఫోను కెమెరాతో తీసిన ఫొటో మూడు నాలుగు మెగాబైట్లుంటుంది. దానిని 800 పిక్సెళ్ళ వెడల్పుకు తగ్గించి, వెబ్‌పీ వంటి రూపంలో భద్రపరిస్తే 100 కిలోబైట్ల చుట్టుపక్కలకు దిగుతుంది. చూసేవారికి తేడా దాదాపు తెలియదు.

ఉత్తర్వులను, ప్రకటనలను స్కాన్ చేసి చిత్రంగా పెట్టడం కార్యాలయాల్లో పరిపాటి. చిత్రంలోని అక్షరాలు తెరకు తగినట్లు సర్దుకోవు, శోధనకు దొరకవు. చూపు లేనివారి ఫోను వాటిని పైకి చదివి వినిపించడమూ కష్టమే. అదే సమాచారాన్ని అక్షరాలుగా టైపు చేసి పెడితే ఈ మూడు ఇబ్బందులూ తీరతాయి.

వేలికి అందాలి.. కంటికి ఆనాలి

మౌస్ మొన సూది వంటిది. బొటనవేలు అట్లు కాదు. మీటలు కనీసం 44 పాయింట్లుండాలని ఆపిల్, 48 యూనిట్లుండాలని గూగుల్ తమ సూచనల్లో పేర్కొన్నాయి. ‘సమర్పించు’, ‘రద్దు’ మీటలను ఒకదాన్నొకటి ఆనుకొని పెట్టడం ప్రమాదకరం.

నిజాంపట్నం హార్బరులో పడవ మీద నిలబడిన మత్స్యకారుడైనా, కల్లంలోని రైతైనా ఎండలోనే తెర చూస్తారు. తెల్లని నేపథ్యంపై లేత బూడిద అక్షరాలు వారికి కనిపించవు. అక్షరానికి, నేపథ్యానికి మధ్య కాంతి నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది.

ఫారాలలో ఆధార్, ఫోను నంబర్ల గడిని తాకగానే అంకెల మీటలే రావాలి. ఓటీపీ చూసుకోవడానికి సందేశాలలోకి వెళ్ళి తిరిగి వచ్చేసరికి తక్కువ మెమరీ ఉన్న ఫోన్లలో పేజీ మళ్ళీ మొదటి నుంచి తెరుచుకుంటుంది. అప్పటిదాకా నింపిన వివరాలన్నీ పోతాయి. నింపినంత మేర భద్రపరిచే ఏర్పాటు ఉంటే ఈ వ్యథ తప్పుతుంది. ‘ఫొటో 50 కిలోబైట్లు మించరాదు’ అన్న నిబంధన వల్లనే అనేకమంది నెట్ సెంటర్ల మెట్లెక్కుతున్నారు. పెద్ద ఫొటోను స్వీకరించి, బ్రౌజరులోనే కుదించుకునే సదుపాయాన్ని సైటులోనే కల్పించవచ్చు.

వాట్సప్ నేర్పిన పాఠం

రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరిట తొలి విడతలో 161 సేవలను వాట్సప్ ద్వారా ప్రారంభించింది. అంతకు ముందే, 2024 నవంబరులో, రైతులు ధాన్యం అమ్మకానికి కేంద్రాన్ని, తేదీని వాట్సప్‌లోనే ఎంచుకునే విధానాన్ని పౌరసరఫరాల శాఖ మంత్రి, తెనాలి శాసనసభ్యుడు నాదెండ్ల మనోహర్ ప్రకటించారు. వీటి సౌలభ్యం ఎక్కడుందో గమనించదగినది. ప్రజలకు అలవాటైన తెరపై ఒకసారి ఒకే ప్రశ్న వస్తుంది. జవాబిచ్చాకే మరొకటి. ఇరవై గడుల ఫారాన్ని ఒక్కసారిగా కుమ్మరించకుండా విడగొట్టి అడగడం ఏ వెబ్‌సైటైనా అనుసరించదగిన పద్ధతి.

జిల్లాల అధికారిక సైట్ల కోసం జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం (ఎన్ఐసీ) ఉమ్మడి వేదికను రూపొందించింది. అందులోని పేజీలు ఫోను తెరకు సర్దుకుంటాయి. అయినా అందులో చేర్చే పత్రాలు స్కాన్ ప్రతులైతే ఆ సర్దుబాటు వ్యర్థమే. 2022 ఏప్రిల్ 4న బాపట్ల కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, రేపల్లె అందులో చేరి, తెనాలి గుంటూరు జిల్లాలోనే కొనసాగింది. పాత లింకు పట్టుకొని వచ్చినవారిని కొత్త చిరునామాకు చేర్చే సూచనలు ఉంచడం కూడా ఈ సేవలో భాగమే.

అన్నింటికీ యాప్ అవసరం లేదు

వెబ్‌సైటు సరిగా లేకుంటే యాప్ తయారు చేయిద్దామని కొందరు వ్యాపారులు, విద్యాసంస్థల వారు భావిస్తారు. ఏడాదికి రెండుసార్లు చూసే సమాచారానికి యాప్ దించుకొనేవారు తక్కువ. చవక ఫోన్లలో నిల్వకు చోటూ తక్కువే. ఒకసారి చూసిన పేజీని ఫోనులోనే దాచి, సిగ్నల్ లేనప్పుడూ చూపగల సామర్థ్యం నేటి వెబ్‌సైట్లకూ ఉంది. ఇటువంటివాటిని ప్రోగ్రెసివ్ వెబ్ యాప్‌లంటారు. ముఖతెరపై గుర్తుగా పెట్టుకోవచ్చు, బరువు స్వల్పం. రోజూ వాడేవి, ఫోనులోని ఇతర భాగాలతో లోతైన పని ఉన్నవి అయితేనే ప్రత్యేక యాప్ ఆలోచించడం సబబు.

సొమ్ము చెల్లించే ముందు..

సైటు చేయించుకునేవారు తయారీదారుకు తుది చెల్లింపు చేసే ముందు కింది అంశాలను స్వయంగా పరిశీలించుకోవచ్చు.

* ఖరీదైన ఫోనులో గాక, ఇంట్లోని అతి పాత ఫోనులో, మొబైల్ డేటాపై తెరిచి చూడాలి.
* పక్కకు జరపకుండా, వేళ్ళతో పెద్దది చేయకుండా పేజీ మొత్తం చదవగలగాలి.
* ముఖ్య సమాచారం రెండున్నర సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన కొలమానం. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత సాధనం దానిని లెక్కకట్టి చెబుతుంది.
* వత్తులు, గుణింతాలు అధికంగా ఉన్న తెలుగు పేర్లతో ఫారాన్ని నింపి చూడాలి.
* మధ్యాహ్నం ఎండలో తెరిచి అక్షరాలు కనిపిస్తున్నాయో లేదో చూడాలి.
* సైటు గురించి ఏమీ తెలియని ఇంటి పెద్దకు ఫోను ఇచ్చి, ఒక పని చేయమని చెప్పి, మాట సాయం చేయకుండా గమనించాలి. ఆయన ఎక్కడ ఆగిపోతే అక్కడే సవరణ అవసరం.

వీటిలో అధిక భాగానికి అదనపు వ్యయం లేదు. తయారీ దశలోనే అడిగితే సరిపోతుంది. సేవలన్నీ ఆన్‌లైన్ బాట పట్టిన తరుణంలో ఫోనులో తెరుచుకోని పేజీ తాళం వేసిన కార్యాలయంతో సమానం. ఆ తాళం వల్ల పోయేది రైతు రోజు కూలి, విద్యార్థి గడువు, మత్స్యకారుడికి అందవలసిన హెచ్చరిక. ప్రభుత్వ శాఖలు, పురపాలక సంఘాలు, విద్యాసంస్థలు, వ్యాపారులు తమ సైట్లను ఒక్కసారి ఫోనులో తెరిచి చూసుకోవలసిన ఆవశ్యకత ఉంది.