అద్దె పెరిగితే గెలిచినట్టేనా?

డబ్బున్నవాళ్లు వచ్చి చేరేకొద్దీ అద్దెలు, ఆస్తి పన్నులు పెరిగి, తరాలుగా ఉంటున్నవాళ్లు పేట ఖాళీ చేయాల్సి రావడాన్ని జెంట్రిఫికేషన్ అంటారు. 1964లో లండన్ గురించి రాస్తూ సామాజిక శాస్త్రవేత్త రూత్ గ్లాస్ పుట్టించిన మాట ఇది. అమెరికాలో దీని వెనక జాతి వివక్ష కూడా ఉంది. 1930లలో కేంద్ర ప్రభుత్వ గృహరుణ సంస్థ తయారు చేయించిన పటాల్లో నల్లజాతివారి వాడలకు ఎర్రరంగు పడింది. అలాంటి చోట ఇంటికి అప్పు పుట్టడం గగనమైంది. పెట్టుబడి లేక దశాబ్దాలు చవగ్గా పడి ఉన్న ఆ స్థలాలే తర్వాత కొనేవాళ్ల కంట పడ్డాయి.

ఈ సంగతిని వీడియో గేమ్‌గా మలిచే విద్యార్థులకు అసలు చిక్కు బొమ్మల్లోనో కోడింగ్‌లోనో కాదు, ఆట నియమాల్లో ఎదురవుతుంది. 1989 నాటి సిమ్‌సిటీలో స్థలం విలువ పెరగడం శుభసూచకం. పాత ఇల్లు పోయి మేడ లేస్తుంది. ఆ ఇంట్లోవాళ్లు ఎటు పోయారో ఆట అడగదు. ఉద్దేశం మంచిదైతే సరిపోతుందా అంటే అదీ లేదు. స్థలాల గుత్తాధిపత్యాన్ని ఎండగట్టడానికి ఎలిజబెత్ మేగీ రూపొందించిన ల్యాండ్‌లార్డ్స్ గేమ్‌కు 1904లో పేటెంట్ వచ్చింది. దాని నుంచే పుట్టిన మోనోపలీలో పక్కవాణ్ణి దివాలా తీయించడమే సరదా అయి కూర్చుంది!

కాబట్టి ఆటగాణ్ణి ఎవరి స్థానంలో ఉంచాలన్నది ముందే తేల్చుకోవాలి. 2021లో వచ్చిన వీడియో గేమ్ డాట్స్ హోమ్‌లో డెట్రాయిట్‌కు చెందిన నల్లజాతి యువతి కాలంలో వెనక్కి వెళ్లి, ఇంటి విషయంలో తన కుటుంబం తీసుకున్న నిర్ణయాల్లో పాలుపంచుకుంటుంది.

ఒక్క సెమిస్టర్‌లో తేలాల్సిన పనికి నగరమంతా అక్కర్లేదు, ఒక వీధి చాలు. గేమ్ తయారీకి ట్వైన్, గొడో లాంటి ఉచిత సాధనాలు ఉన్నాయి. వాషింగ్టన్‌లోని షా పేటనే తీసుకోవచ్చు. 1970లో ఆ నగర జనాభాలో 71 శాతం నల్లజాతివారు. 2020 నాటికి 41 శాతం. షాలో ఒక ఫోన్ల దుకాణం బయట ఏళ్ల తరబడి ఆ నగరపు సొంత సంగీతమైన గో-గో మోగేది. 2019లో ఫిర్యాదు రావడంతో ఆపించారు. జనం వీధిలోకి వచ్చి నిరసన తెలిపాక మళ్లీ మోగింది. అద్దె పెరిగేకొద్దీ వీధి శబ్దం తగ్గే ఆట అనుకుంటే, అంకెలు చూపకుండానే ఆటగాడికి విషయం చెవికి తెలుస్తుంది.

విరిగిన కిటికీలు, తుపాకులు పెడితే పేట అయిపోదు. బార్బర్ షాపు, చర్చి, వాకిట్లో కబుర్లు ఎలా ఉంటాయో అక్కడివాళ్లను అడగాలి, ఆట సగంలో ఉండగానే వాళ్లతో ఆడించాలి.

ముగింపు కూడా తేలిక కాదు. ఒక్క సభతో పేట నిలబడిందంటే అబద్ధం. ఏం చేసినా ఓటమే అంటే ఆడేవాడు లేచిపోతాడు. గో-గోను నగర అధికారిక సంగీతంగా ప్రకటిస్తూ 2020లో చట్టం వచ్చింది. అద్దెల జోలికి ఆ చట్టం పోలేదు. ఆటకూ అలాంటి ముగింపే నప్పుతుంది.