కాంక్రీటుకు వచ్చు జబ్బు

వరంగల్లులోని కాశిబుగ్గకు కొద్దిదూరమున, హనుమకొండలో, 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి నేటికిని నిలిచియున్నది. ఇరవయ్యవ శతాబ్దపు కాంక్రీటు కట్టడములు కొన్ని నూరేండ్లు నిండకమునుపే పగుళ్లు బారుచున్నవి. కారణమేమి?

కాంక్రీటులో ఇనుప ఊచలుండును. సిమెంటు నీటితో కలిసినపుడు పుట్టు సున్నము క్షారగుణము కలది. ఆ క్షారమున్నంతవరకు ఊచలపై పలుచని రక్షకపొర నిలుచును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు, సన్నని రంధ్రములగుండా చొచ్చి సున్నమును సున్నపురాయిగా మార్చును. క్షారము తగ్గగా పొర నశించును. తేమ తగిలి ఊచ తుప్పుపట్టును. తుప్పు ఇనుముకన్న రెండింతలకు మించిన చోటు ఆక్రమించి కాంక్రీటును చీల్చును.

ఈ మార్పు ఎంతలోతు పోయినదో తెలియుటకు పాఠశాల ప్రయోగశాలలోని ఫినాఫ్తలీన్ చాలును. అప్పుడే పగులగొట్టిన ముఖముపై ఆ ద్రావణమును చల్లినచో, క్షారమున్న భాగము గులాబిరంగు పొందును. క్షారము పోయిన భాగమునకు రంగు రాదు.

పగులుపై సిమెంటు పూసినంతమాత్రమున జబ్బు కుదరదు; లోపల తుప్పు పెరుగుచునే యుండును. చెడిన భాగమును ఊచ వెనుక వరకు తొలగించి, తుప్పును గీకి, కొత్త కాంక్రీటు నింపవలెను.

చారిత్రక కట్టడమైనచో మరియొక నియమము గలదు. 2016లో యునెస్కో జాబితాకెక్కిన చండీగఢ్ కాపిటల్ భవనములలో, పోతపోసిన అచ్చుల గుర్తులు గోడలపై కావలెనని వదలబడినవి. అట్టిచోట గట్టి భాగమును కదల్చక, కంకర, రంగు, గుర్తులు పాతవానితో సరిపోవునట్లు అతుకు వేయవలెను. నున్నగా పూసినచో గోడ నిలుచును గాని, దాని చరిత్ర చెరిగిపోవును.