గెడ్డలో పురిటిగది

కొండవాగులో రాయి కదిలితే చేప వంశం చెదురుతుంది. తొలివరద వేళ మన గెడ్డల్ని, అంటే వాగుల్ని, కొన్నాళ్లు వాటి మానాన వదిలేద్దాం.

విశాఖ ఆటోనగర్ షెడ్లకు కాస్త దూరంలోనే మేఘాద్రిగెడ్డ ఓడరేవు నీళ్లలో కలుస్తుంది. 1933లో ఓడలకు తెరుచుకున్న లోపలి హార్బరును ఈ గెడ్డ మొగలోని ఉప్పు చిత్తడిని తవ్వే కట్టారు. నగరం మురుగు, పరిశ్రమల వ్యర్థాలు ఏళ్ల తరబడి ఇటే చేరాయి. ఇక్కడ నిలబడి చూసేవారికి గెడ్డ అంటే మురుగుకాలువే. ఎగువన కొండల దగ్గర మాత్రం గెడ్డ అంటే చేపలు పుట్టే చోటు.

రాళ్ల కింద ప్రాణం

కొండవాగు చేపకు గులకరాయి ఎంత అవసరమో ట్రౌట్‌ను చూస్తే తెలుస్తుంది. ఆ చల్లనీటి చేప మన దేశానిది కాదు. గుడ్లను స్కాట్లాండ్ నుంచి తెచ్చి 1900లో కశ్మీర్‌లో పెంచారు. 1907లో నీలగిరుల్లోని అవలాంచిలో హేచరీ పెట్టారు. తల్లిచేప తోకతో గులకరాళ్లను చెదరగొట్టి గుంట చేస్తుంది, గుడ్లు పెడుతుంది. ఆపైన కొంచెం ఎగువన మళ్లీ తవ్వుతుంది. అక్కడ లేచిన రాళ్లు కొట్టుకొచ్చి గుడ్లను కప్పేస్తాయి. రాళ్ల సందుల్లోంచి పారే నీరే వాటికి ఊపిరి. ఒండ్రు పేరుకుని ఆ సందులు పూడితే గుడ్లు అక్కడే చనిపోతాయి.

వాలు ఎక్కువైన వాగులో ప్రవాహం గులకను నిలవనీయదు. పెద్ద బండ వెనకో, పడిన చెట్టు మాటునో, మడుగు చివరనో కాస్త గులక మిగులుతుంది. ఆ బండను పగలగొట్టి పట్టుకుపోతే అక్కడి పురిటిగది కూడా పోయినట్టే.

మన చేపల తీరు

తూర్పు కనుమల వాగులు ట్రౌట్‌కు వెచ్చన. వాటికి తగిన చేపలు వాటికున్నాయి. నోటి కింద పీల్చే బిళ్లతో రాతిని కరుచుకుని ఉధృతిని తట్టుకునే గారా జాతి చేపలు అలాంటివే. కింది నదుల్లో బొచ్చె, శీలావతి వానాకాలపు వరదలో మునిగిన ఒడ్డు పల్లాల్లో గుడ్లు వదులుతాయి. ఆ గుడ్లు ఒక్క రోజులోపే పిల్లలవుతాయి. కొర్రమీను నాచున్న నిలవనీటిలో గూడు చేసుకుని పిల్లలకు కాపలా కాస్తుంది. ఒకదానికి రాయి, ఒకదానికి వరద, ఒకదానికి నాచు కావాలి. గెడ్డను తిన్నగా తవ్వి సిమెంటు గోడల మధ్య పారిస్తే ఈ మూడూ పోతాయి.

తొలివరదకు చేపలు ఎదురెక్కుతాయి. చేపలు పట్టే మావు బుట్టలు పెట్టేదీ, గెడ్డకు అడ్డంగా వల కట్టేదీ సరిగ్గా అప్పుడే. గుడ్లతో నిండిన తల్లిని పట్టుకుంటే ఆ ఏటి సంతానమంతా బుట్టలోకి వచ్చేసినట్టే.

విరామం గెడ్డకూ కావాలి

విశాఖ మత్స్యకారులు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలు ఒడ్డున పెట్టి కష్టమైనా ఓర్చుకుంటున్నారు. సముద్రానికి ఇచ్చే ఈ విరామాన్ని గెడ్డలకూ ఇవ్వాలి. తొలివరద రోజుల్లో అడ్డువలలు తీసేయాలి. ఇసుక, గులక, బండలు తోడటం ఆపాలి. చెక్‌డ్యామ్ కట్టేటప్పుడే చేప ఎక్కే దారి వదలాలి. రోడ్డు కోసం కొండ తొలిచినచోట మట్టి జారకుండా చెట్లు నాటాలి. దిగువన మురుగును శుద్ధి చేయకుండా వదలకూడదు.

చెరువుల్లో చేపపిల్లల్ని వదిలే పథకాలు మంచివే. కానీ హేచరీలో పెంచే రకాలు కొన్నే, వాగులో పుట్టేవి ఎన్నో. వాటిని కొని తేలేం. వాటి చోటు వాటికి వదిలితే, అవే పుట్టి పెరుగుతాయి.