చేప మేత ఉమ్మేస్తోందా? పొట్ట ఉబ్బే దాకా ఆగకండి



సైన్స్ ల్యాబ్ బయట వరండాలో ఉన్న మన అక్వేరియాన్ని పిల్లలతో కలిసి చూసుకునేది నేనే. అందుకని పేరెంట్-టీచర్ మీటింగ్‌లో మార్కుల సంగతి అయిపోయాక కొందరు కాసేపు ఆగి చేపల సంగతి కూడా అడుగుతుంటారు. ఈ టర్మ్‌లో ఎక్కువమంది అడిగింది ఒకటే. "మేడం, చక్కగా తిరుగుతున్న నీలం చేప ఉన్నట్టుండి పొట్ట ఉబ్బి రెండు రోజుల్లో పోయింది. పాప ఏడుపు ఆపలేకపోయాం. ఏమై ఉంటుంది?"

దసరా సెలవుల్లో మేత వేసే చెయ్యి మారుతుంది కాబట్టి, దీనికి జవాబు ఈ నెలే చెప్పడం మంచిదనిపించింది. ముందే ఒక మాట. పొట్ట ఉబ్బడం ఈ జబ్బుకు మొదలు కాదు, దాదాపు చివర. మొదలు అంతకు కొన్ని రోజుల ముందే ఉంటుంది. దాన్ని మనకంటే ముందు పట్టుకోగలిగేది రోజూ ట్యాంక్ ముందు ముక్కు ఆనించి కూర్చునే మీ పిల్లలే.

అసలు ఈ చేపలు ఎక్కడివి?

షాపులో "ఆఫ్రికన్ సిక్లిడ్" అని అమ్మేవాటిలో చాలా భాగం మలావీ, టాంగన్యీకా అనే రెండు పెద్ద సరస్సుల జాతులు. సిక్లిడ్ కుటుంబం చాలా పెద్దది. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్, ఏంజెల్ చేపలే కాదు, మన చేపల మార్కెట్లో దొరికే తిలాపియా కూడా ఆ కుటుంబానిదే. అయితే పొట్ట ఉబ్బు విషయంలో అన్నిటికంటే సున్నితమైనవి ఆ సరస్సుల్లో రాళ్ళ మీద నాచు గీక్కుని తినే రకాలు. మలావీలో వీటిని "ంబూనా" అంటారు. ముదురు నీలం, లేత నీలం చారలతో బొటనవేలంత ఉండే డెమసోనీ వీటిలో ఒకటి. టాంగన్యీకా వైపు ట్రోఫియస్ అనే రకం ఉంది, అది ఇంకా సున్నితం.

రోజంతా కొంచెం కొంచెంగా నాచు గీకి తినే చేపకు పేగు చాలా పొడవుగా ఉంటుంది. ఆకు మేత అరగడానికి సమయం పడుతుంది కదా, అందుకు. ఊళ్ళో పశువులున్న వాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. గడ్డి తినే బర్రె ఒక్కసారిగా గింజల బస్తాలో మూతి పెడితే ఏమవుతుందో వాళ్ళు చూసే ఉంటారు. అక్వేరియంలో ఆ గింజల బస్తా పని చేసేవి బ్లడ్‌వార్మ్స్, ట్యూబిఫెక్స్ పురుగుల క్యూబ్స్, మాంసం ముక్కలు. చేప ఎగబడి తింటుంది, పిల్లలకు ముచ్చటేస్తుంది, ఇంకో చిటికెడు వేస్తారు. ఇక్కడ ఇంకో చిక్కుంది. అదే ట్యాంక్‌లో ఉండే పసుపు రంగు ఎల్లో ల్యాబ్ కూడా మలావీదే, కానీ అది సరస్సులో చిన్న చిన్న పురుగుల్ని తినే రకం. దానికి సరిపడిన మేత పక్కనున్న డెమసోనీకి పడకపోవచ్చు. కలిపి పెంచేటప్పుడు సున్నితమైన చేపను బట్టే మేత ఎంచుకోవాలి.

ఇక ఆ ఉబ్బు ఎందుకొస్తుందంటే, శాస్త్రవేత్తలు ఒక్క కారణానికి కట్టుబడలేదు. పేగుల్లో ఉండే స్పైరోన్యూక్లియస్ లాంటి సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరగడం, బ్యాక్టీరియా, పడని మేత, పాడైన నీళ్ళు, తోటి చేపల వేధింపు... ఇవన్నీ చర్చలో ఉన్నవే. అనుభవజ్ఞులైన పెంపకందారులు మాత్రం ఒకటి గట్టిగా చెబుతారు: ఒత్తిడిలో ఉన్న చేపకే ఇది ఎక్కువగా పట్టుకుంటుంది.

ముందు కనిపించే గుర్తులు

మేత వేయగానే పైకి దూసుకొచ్చే చేప ఒక పూట రాదు. లేదా వస్తుంది, గింజ నోట్లోకి తీసుకుంటుంది, నమిలినట్టు చేసి ఉమ్మేస్తుంది. ఈ ఉమ్మేయడమే అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు. తర్వాత ఒంటరిగా మూలకో, ఫిల్టర్ వెనక్కో చేరుతుంది. మలం తెల్లటి దారంలా వేలాడుతుంది. మొప్పలు గబగబా ఆడతాయి. రంగు మాసిపోతుంది. ఇవి దాటాకే పొట్ట ఉబ్బుతుంది. పొలుసులు కూడా నిక్కబొడుచుకున్నాయంటే చేప బతకడం చాలా కష్టం.

ఒక్క జాగ్రత్త. ఈ జాతుల్లో తల్లి చేప గుడ్లను నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది. మలావీ చేపల్లో అది దాదాపు మూడు వారాలు. అన్ని రోజులూ దాదాపు ఉపవాసమే. మేత మానేసిన చేపకు ఉబ్బింది పొట్ట కాక గొంతు కింది సంచి అయితే, ఏదో నములుతున్నట్టు అప్పుడప్పుడూ దవడ ఆడిస్తుంటే, అది జబ్బు కాదు, బాలింతరాలు. మందు వేయకండి.

గుర్తు కనిపించిన రోజు

మేత ఆపండి. రెండు రోజులు పస్తుంటే ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకూ ఏమీ కాదు. మూడో వంతు నీళ్ళు మార్చండి. మున్సిపల్ నీళ్ళయితే యాంటీ క్లోరిన్ చుక్కలు తప్పనిసరి. ఎయిర్ పంపు పెంచండి, లైటు తీసేయండి. టెస్ట్ కిట్ ఉంటే అమోనియా, నైట్రైట్ చూడండి. రెండూ సున్నా ఉండాలి. లేకపోతే ముందు నీటిని బాగుచేయాలి, మందు తర్వాత.

మెడికల్ షాపులో దొరికే ఎప్సమ్ సాల్ట్‌ను 20 లీటర్లకు ఒక టీస్పూన్ చొప్పున మగ్గులో కరిగించి మెల్లగా పోయవచ్చు. పేగు కదలడానికి, ఉబ్బు దిగడానికి కొంత సాయపడుతుంది. వంటింటి కళ్ళుప్పు వేరు, దీనికి బదులు అది వాడకండి.

ఆ తర్వాత మెట్రోనిడజోల్. పిల్లల విరేచనాలకు డాక్టర్ రాసిన మాత్రలు ఇంట్లో మిగిలి ఉన్నాయి కదా అని చాలామంది ఒకటి వేసేస్తారు. దయచేసి అలా వద్దు. ఈ మందు పనిచేస్తుంది, నిజమే, కానీ సరైన మోతాదులో, సరైన రోజుల పాటు వేస్తేనే. పెంపకందారులు సాధారణంగా వాడే లెక్క 40 లీటర్లకు 250 మిల్లీగ్రాములు. ప్రతిసారీ కొంత నీరు మార్చి మళ్ళీ వేస్తూ వారం దాకా కొనసాగిస్తారు. అన్ని రోజులూ ఫిల్టర్‌లోని కార్బన్ తీసేయాలి, లేకపోతే మందును అదే పీల్చేస్తుంది. చేప ఇంకా కాస్త తింటుంటే మేతలో కలిపి పెట్టడం మరింత మేలు. వెటర్నరీ డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టండి.

మోతాదుకు లీటర్లు తెలియాలి. ఆ లెక్క మీ పిల్లలకు ఇవ్వండి. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు గుణించి 1000తో భాగిస్తే 182 లీటర్లు. రాళ్ళు, ఇసుక, పైన వదిలేసిన ఖాళీ తీసేస్తే సుమారు 150. ఏడో తరగతి దాటినవాళ్ళు దీన్ని వేళ్ళ మీద చేసేస్తారు.

అసలు రాకుండా ఉండాలంటే

స్పిరులీనా ప్రధానంగా ఉన్న చిన్న పెల్లెట్స్ రోజుకు రెండుసార్లు, నిమిషంలోపు అయిపోయేంతే వేయండి. వారానికి ఒక రోజు పస్తు. ఉడికించి తొక్క తీసిన పచ్చిబఠాణీ, వేడినీళ్ళలో ముంచి తీసిన పాలకూర అప్పుడప్పుడూ పెట్టొచ్చు. వారానికి పావు వంతు నీళ్ళు మార్చండి. ఈ చేపలకు 24 నుంచి 27 డిగ్రీలు హాయి. వేసవిలో కరెంటు పోయి ఫిల్టర్ ఆగితే వేడి నీళ్ళలో ఆక్సిజన్ ఇట్టే తగ్గిపోతుంది కాబట్టి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి దగ్గర ఉంచుకోండి.

వేధింపు సంగతి షాపువాళ్ళు సాధారణంగా చెప్పరు. డెమసోనీ, ట్రోఫియస్ లాంటివి జంటగా కొంటే బలమైనది రెండోదాన్ని తరిమి తరిమి చంపేస్తుంది. డజను పైగా కలిపి, నాలుగడుగుల ట్యాంక్‌లో, దాక్కోవడానికి రాళ్ళు పేర్చి పెంచితేనే కోపం అందరిమీదా పంచుకుపోతుంది. అంత చోటు లేకపోతే ఈ రకాలు కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. గప్పీలతో పిల్లలు తక్కువేమీ నేర్చుకోరు. కొత్త చేపను తెచ్చినా మూడు నాలుగు వారాలు వేరే ట్యాంక్‌లో ఉంచాకే కలపండి.

చేప పోతే, పిల్లలు స్కూల్ నుంచి వచ్చేలోపు అలాంటిదే ఇంకొకటి తెచ్చి వేయడం చాలా ఇళ్ళలో జరుగుతుంది. బాధ తప్పిద్దామనే మన తాపత్రయం. కానీ కారణం ఆ నీళ్ళలోనే ఉంటే రెండోది కూడా పోతుంది, అప్పుడు చెప్పడం మరీ కష్టం. జరిగింది చెప్పండి, ఏడవనివ్వండి. "నేను ఎక్కువ మేత వేశానా?" అని అడిగితే, డబ్బా ఎంత త్వరగా ఖాళీ అయిందో కలిసి చూడండి.

సెలవులకు ఊరెళ్తున్నారా? నాలుగైదు రోజులైతే ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలకు మేతే అవసరం లేదు. బయల్దేరే రోజు "మళ్ళీ వచ్చేదాకా" అని గుప్పెడు వేసి వెళ్ళకండి. అంతకంటే ఎక్కువ రోజులైతే, రోజు విడిచి రోజుకు ఒకటి చొప్పున కొద్ది మేత కాగితం పొట్లాలు కట్టి, మీద తేదీ రాసి, పక్కింటి ఆంటీకి ఇవ్వండి. మేత డబ్బా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసి వెళ్ళండి.